మామిడిపండ్లు మరీ మగ్గిపోయాయా? పారేసేముందు వాసన చూడండి

ఊరి నుంచి వచ్చిన బుట్టలో కాయలు మూడు రోజులు గట్టిగానే ఉంటాయి. నాలుగో రోజు పొద్దున చూస్తే సగం మెత్తబడి ఉంటాయి. ఇంటిల్లిపాదీ కూర్చున్నా అన్నీ తినడం అయ్యే పని కాదు. రంగు చూసి పారేయొద్దు, రంగు చూసి నమ్మొద్దు కూడా. ముచ్చిక దగ్గర ముక్కు పెట్టండి, సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

అన్నీ ఒకేసారి పండిపోతున్నాయి

పండే కాయ నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, అది పక్క కాయను కూడా పండిస్తుంది. గడ్డిలోనో గోనెసంచిలోనో కప్పి ఉంచితే ఆ గాలి బయటికి పోదు, వేడి కూడా తోడవుతుంది. కాయల్ని తీసి నేల మీద ఒకదానికొకటి తగలకుండా పరచండి. పండినవి మాత్రమే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. పచ్చివి పెడితే చలికి దెబ్బతిని తర్వాత సరిగా పండవు.

తొక్క ముడతలు పడింది, నల్ల మచ్చలు వచ్చాయి

ముడతలంటే నీరు తగ్గిందని అర్థం, అంతే. బంగినపల్లి అయితే అప్పుడే ఇంకా తియ్యగా ఉంటుంది. నల్ల మచ్చలు చాలావరకు చెట్టు మీదే అంటుకున్న శిలీంధ్రం వల్ల వస్తాయి, కాయ పండాక బయటపడతాయి. మచ్చ తొక్కతోనే ఆగితే ఆ మేర మందంగా చెక్కేసి తినొచ్చు. కింద గుజ్జు గోధుమరంగుకు తిరిగి నీళ్లోడుతుంటే మాత్రం వదిలేయండి. బూజు పట్టిన పండులో బాగున్న సగం కోసం ఆశపడొద్దు.

కల్లు వాసన వస్తోంది

గుజ్జు పులిసింది. పంచదార వేసి ఉడికించినా ఆ రుచి పోదు. ఎరువు గుంటలో వేయండి.

లోపల పురుగు

ఇంట్లో ఉంచడం వల్ల పట్టింది కాదది. కాయ చెట్టు మీద ఉండగానే పండు ఈగ తొక్క కింద గుడ్లు పెడుతుంది, బయటికి పెద్దగా కనిపించదు. ముక్కలు కోసుకుంటే ఎలాగూ దొరికిపోతుంది. అసలు టెన్షన్ రసాలతోనే. చేత్తో పిసికి, ముచ్చిక ఊడదీసి, మొదటి చుక్క పిండి పారబోసి జుర్రేస్తాం, లోపల ఏముందో చూసేదెవరు? మరీ మెత్తబడినవాటిని గిన్నెలోకి పిండుకుని వెలుతురులో చూసుకుని తాగండి.

తాండ్ర పెడితే కుదరలేదు

మంచి వాసనతో మరీ మెత్తబడిన పండ్లకు తాండ్రను మించిన దారి లేదు. ఆత్రేయపురం పూతరేకులకే కాదు, తాండ్రకూ పేరున్న ఊరే. అక్కడ చాపల మీద పొర మీద పొర పోసి ఎండబెడతారు. ఇంట్లో స్టీలు పళ్లెం చాలు.

పీచు తగులుతోందంటే గుజ్జు వడకట్టలేదన్నమాట. రసాల గుజ్జును జల్లెడలో రుద్ది తీయాలి. లోపల జిగురుగా ఉండి బూజు పట్టిందంటే కింది పొర ఆరకముందే రెండోది పోశారు. వేలితో తాకితే అంటుకోకూడదు, అప్పుడే తర్వాతి పొర. ఒక్కో పొర దోసెంత పల్చగా ఉంటే చాలు, తొందరపడి మందంగా పోస్తే పైన ఆరి లోపల పచ్చిగా మిగులుతుంది. పళ్లేనికి అంటుకుపోయిందంటే నెయ్యి రాయడం మరిచిపోయారు. మధ్యలో మబ్బు పట్టిందా, జూన్‌లో ఇది మామూలే, లోపలికి తెచ్చి ఫ్యాన్ కింద పెట్టండి, ఎండ వచ్చాక మళ్లీ బయటికి. పైన పల్చటి బట్ట కప్పడం మానొద్దు.

అంత ఓపిక లేకపోతే గుజ్జును డబ్బాల్లో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టేయండి. గడ్డకడితే ఉబ్బుతుంది కాబట్టి పైన కాస్త ఖాళీ వదలండి. ఒక్కపూటకు సరిపడా చిన్న డబ్బాలే మేలు, ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించకూడదు.

మిగిలిపోయిన అరటిపండ్లతో బూరెలు నూనె పీల్చేస్తున్నాయి

పండు ఎక్కువై పిండి జారుగా అయింది. రెండు చెంచాల బియ్యప్పిండి కలపండి. పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటే మంట తగ్గించండి. బాగా మగ్గిన అరటిపండులో తీపి ఎక్కువ, దానికి బెల్లం తోడైతే రంగు తొందరగా ఎక్కుతుంది. బెల్లం సగానికి తగ్గించినా రుచి చెడదు.

వంటింట్లో చిన్న ఈగలు

చిన్న గిన్నెలో కాస్త వెనిగర్ పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి పక్కన పెట్టండి, పడి మునిగిపోతాయి. కానీ టెంకలు, తొక్కలు రాత్రి బుట్టలోనే వదిలేస్తే ఎన్ని గిన్నెలు పెట్టినా దండగ.