రెండుసార్లు తప్పాక మార్చుకున్న పద్ధతి

కడపలో ఉద్యోగం, రాత్రి 9కి ఇల్లు. తిన్నాక ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) వాళ్ల సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ అనే సర్టిఫికెట్ పరీక్షకు వీడియోలు పెడితే 10 నిమిషాలకే కునుకు. అట్లా రెండుసార్లు పరీక్ష పోయింది, ఫీజూ పోయింది.

వీడియో చూడటాన్నే చదవడం అనుకున్నా, అదీ తప్పు. ఇప్పుడు పొద్దున 5కి లేచి, ఎండ ముదరకముందే (మా ఊరి ఎండ గురించి చెప్పేదేముంది) మిద్దె మీద 20 ప్రశ్నలు చేస్తా. తప్పినవి మాత్రమే నోటుబుక్కులో, ఎందుకు తప్పానో నా మాటల్లో. సెక్యూరిటీ గ్రూపుకూ నెట్‌వర్క్ ఏసీఎల్‌కూ (రెండూ క్లౌడ్‌లో ఏ ట్రాఫిక్‌ను రానియ్యాలో, పోనియ్యాలో చెప్పే కాపలా రూల్సే) తేడా నాలుగుసార్లు రాశా: మొదటిది స్టేట్‌ఫుల్, లోపలికి రానిచ్చినదానికి జవాబు దానంతటదే బయటికి పోతుంది; రెండోదానికి రెండు వైపులా రూల్ రాయాల. ఇక మర్చిపోలా.

ఆదివారం అసలు పరీక్షలాగే 65 ప్రశ్నలు, 130 నిమిషాలు, ఫోను అమ్మ దగ్గర. పాసుకు 720 స్కోరు కావాల. మూడోసారి 768 వచ్చింది.