అమ్మానాన్నలు విమానం ఎక్కేముందు: మహమ్మారి రోజుల్లో విదేశీ ప్రయాణానికి జాగ్రత్తలు

2021 డిసెంబర్ 11, రాత్రి పదకొండున్నర. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో అమ్మ, నాన్న చెక్-ఇన్ కౌంటర్ దాకా వెళ్లారు. డాలస్‌లో ఉన్న మరదలికి జనవరిలో పురుడు. తమ్ముడు ఒక్కడే ఉన్నాడని సాయానికి బయలుదేరారు. లోపలికి మమ్మల్ని రానివ్వరు కాబట్టి నేను గేటు బయట అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. ఫోన్ మోగింది. "కోవిడ్ రిపోర్టు పనికిరాదంటున్నారే. తేదీ తప్పట. ఏం చేయమంటావు?" అంది అమ్మ.

తప్పు నాదే. ఫ్లైట్ తెల్లవారుజామున నాలుగు గంటలకు, అంటే 12వ తేదీన. మా ఇంట్లో మాత్రం అందరి నోటా "11 రాత్రి ప్రయాణం" అనే మాటే. ఒకరోజు ముందు టెస్టు అన్నారు కదా అని 10వ తేదీ సాయంత్రం ఇంటికి ల్యాబ్ అబ్బాయిని పిలిపించి శాంపిల్స్ ఇప్పించాను. కానీ ఆ నెల 6వ తేదీ నుంచి అమెరికా పెట్టిన నిబంధన ప్రకారం, విమానం బయలుదేరే తేదీకి ముందు రోజు గానీ, అదే రోజు గానీ శాంపిల్ ఇవ్వాలి. అంటే 11 ఉదయం ఇచ్చినా సరిపోయేది. 10 సాయంత్రం ఇచ్చింది చెల్లదు. ఎయిర్‌పోర్టులోనే ఉన్న టెస్టింగ్ సెంటర్‌కు పరుగెత్తారు. అక్కడ క్యూ. రిపోర్టు చేతికి వచ్చేసరికి కౌంటర్ మూసేశారు. టికెట్ 16వ తేదీకి మార్చుకోవడానికి తేడా డబ్బు కట్టాం. ఆ నాలుగు రోజులూ అమ్మ సూట్‌కేసుల తాళం తీయలేదు, కట్టుకోవడానికి నా చీరలే తీసుకుంది.

అమెరికా ఆ టెస్టు నిబంధనను 2022 జూన్ 12న, విదేశీయులకు టీకా నిబంధనను 2023 మే 12న ఎత్తేసింది. అయినా ఇదంతా ఇప్పుడు రాస్తున్నానంటే కారణం ఉంది. ఇలాంటి జబ్బు మళ్లీ వస్తే నిబంధనల పేర్లు మారతాయేమో గానీ, మనం తడబడే చోట్లు ఇవే. పెద్దవాళ్లను ఒంటరిగా పంపే పిల్లలు, మొదటిసారి బయలుదేరే విద్యార్థులు, గల్ఫ్‌కు వెళ్లే అన్నదమ్ములు ఇవి ముందే తెలుసుకుని ఉంటే చాలా డబ్బు, అంతకుమించి చాలా ఏడుపు తప్పుతుంది.

తేదీలు వెనక నుంచి లెక్కపెట్టండి

హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా వెళ్లే విమానాల్లో చాలావరకు అర్ధరాత్రి దాటాకే బయలుదేరతాయి. మా పొరపాటు ఇంకెవరికైనా జరగడానికి అదొక్కటి చాలు. అందుకే ఇంట్లో "ఫలానా రాత్రి ప్రయాణం" అనే మాట మానేయండి. టికెట్ మీద ఉన్న తేదీ, గంట ఒక తెల్లకాగితం మీద రాసి గోడకు అంటించండి. అక్కడి నుంచి వెనక్కి లెక్క వేయండి.

కొన్ని దేశాలు రోజుల్లో లెక్కేస్తే కొన్ని గంటల్లో లెక్కేస్తాయి. ఆ రోజుల్లో అమెరికాది తేదీల లెక్క. మన దేశానికి తిరిగి వచ్చేటప్పుడు ఎయిర్ సువిధ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో పెట్టాల్సిన ఆర్టీపీసీఆర్ రిపోర్టుది 72 గంటల లెక్క. దుబాయ్ వెళ్లేవాళ్లకు చాలాకాలం 48 గంటల్లోపు ఆర్టీపీసీఆర్ ఒకటి, అది చాలక ఎక్కే ఎయిర్‌పోర్టులోనే కొన్ని గంటల ముందు ర్యాపిడ్ పీసీఆర్ మరొకటి ఉండేవి. దాదాపు ఎక్కడైనా గంటలు మొదలయ్యేది శాంపిల్ ఇచ్చిన సమయం నుంచి. రిపోర్టు వచ్చిన సమయం నుంచి కాదు. కాబట్టి రిపోర్టు మీద శాంపిల్ తీసిన తేదీ, గంట స్పష్టంగా ఉన్నాయా, పాస్‌పోర్టు నంబరు పడిందా, క్యూఆర్ కోడ్ ఫోన్‌లో తెరుచుకుంటోందా అన్నవి చూడకుండా ల్యాబ్ వాళ్లను వదలొద్దు.

టీకాదైతే ఇంకా పొడుగు లెక్క. 2021 మే నుంచి కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య 84 రోజులు ఆగాల్సి వచ్చేది. రెండో డోసు తర్వాత 14 రోజులు గడిస్తేనే పూర్తి టీకా వేసుకున్నట్టు. మొత్తం 98 రోజులు, మూడు నెలల పైమాట. పైచదువులకు, ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకూ ఒలింపిక్స్ బృందానికీ ఆ ఏడాది జూన్‌లో ప్రభుత్వం 28 రోజులకు తగ్గించింది కాబట్టి చాలామంది పిల్లలు ఆగస్టు క్లాసులకు అందుకోగలిగారు. కోవాగ్జిన్ వేసుకున్నవాళ్ల టెన్షన్ ఇంకోరకం. మన జీనోమ్ వ్యాలీలో తయారైన టీకాయే అయినా, ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి అత్యవసర ఆమోదం ఇచ్చింది 2021 నవంబర్ 3న. టీకా వేసుకున్న పర్యాటకులకు అమెరికా తలుపులు తీసింది నవంబర్ 8న. ఐదు రోజుల తేడాతో ఊపిరి పీల్చుకున్న కుటుంబాలు ఎన్నో. దేశంలో దొరికే టీకా వేరు, వెళ్లే దేశం ఒప్పుకునే టీకా వేరు. మొదటి డోసుకు ముందే ఆ సంగతి కనుక్కోవాలి.

ఇది కోవిడ్‌తో పుట్టిన పద్ధతేమీ కాదు. ఆఫ్రికా దేశాలకు ఉద్యోగానికి వెళ్లే మనవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా కార్డు పట్టుకెళ్లడం ఎప్పటి నుంచో ఉంది. ఆ కార్డు కూడా టీకా వేసుకున్న పదో రోజు నుంచే చెల్లుతుంది.

పేరు, ఇంటిపేరు

మన తెలుగువాళ్లను ఎక్కువగా ఏడిపించింది ఇదే. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో పొడి అక్షరం ఒక్కటే. టీకా రోజున చూపించింది ఆధార్ కాబట్టి, టీకాల ప్రభుత్వ పోర్టల్ కోవిన్ ఇచ్చిన సర్టిఫికెట్‌లోకి ఆ పొడి అక్షరమే ఎక్కింది. నాన్న విషయంలో పేరులోని "వెంకట" ఒకచోట కలిసి, ఇంకోచోట విడిగా ఉంది. అమ్మకు ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో అత్తింటిది. దానికి తోడు అమ్మ మొదటి డోసు ఊళ్లో పక్కింటివాళ్ల ఫోన్ నంబరు మీద, రెండోది నా నంబరు మీద వేయించుకోవడంతో, కోవిన్ లెక్కలో ఇద్దరు వేర్వేరు మనుషులు ఒక్కో డోసు వేసుకున్నట్టయింది.

రెండు సర్టిఫికెట్లను కలపడానికి, పాస్‌పోర్టు నంబరు చేర్చడానికి, పేరు దిద్దుకోవడానికి కోవిన్‌లోనే వీలుండేది. కాకపోతే పేరు దిద్దుకునే అవకాశం ఒక్కసారే. నేను పాస్‌పోర్టు ముందు పెట్టుకుని, ఒక్కో అక్షరం అమ్మతో పైకి చదివించి, అప్పుడు నొక్కాను. పుట్టిన తేదీ దగ్గర కూడా పేచీ వచ్చింది. సర్టిఫికెట్‌లో ముందు పుట్టిన సంవత్సరమే ఉండేది. విదేశాలకు వెళ్లేవాళ్ల కోసం పూర్తి తేదీ వచ్చేలా 2021 సెప్టెంబర్ చివర్లో మార్చారు.

కాబట్టి ఏ జబ్బూ లేని ఈ మంచి రోజుల్లోనే ఈ పని పూర్తి చేసుకోండి. పాస్‌పోర్టు, ఆధార్, పాన్, ఆస్పత్రి ఫైలు, అన్నిటిలో పేరు ఒకేలా ఉందా చూడండి. లేకపోతే పాస్‌పోర్టులో ఉన్నట్టే మిగతావి మార్పించండి. మీసేవ చుట్టూ తిరగడానికి అప్పుడు టైమ్ ఉండదు. పాస్‌పోర్టు గడువు కూడా ప్రయాణం తర్వాత కనీసం ఆరు నెలలుండాలని చాలా దేశాలు అడుగుతాయి.

దారిలో దిగే దేశం

వెళ్లే దేశం రానిస్తే చాలదు. మధ్యలో దిగే దేశం కూడా ఒప్పుకోవాలి. 2021లో సౌదీ మన దేశం నుంచి నేరుగా రానివ్వని నెలల్లో, నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి వెళ్లాల్సిన కార్మికులకు దారి ఒక్కటే: మాల్దీవులు, నేపాల్ లాంటి చోట 14 రోజులు ఉండి అక్కడి నుంచి పోవడం. ఆ ఏప్రిల్ చివర్లో నేపాల్ ఆ దారి మూసేయడంతో ఖాట్మండులో వేలమంది భారతీయులు చిక్కుకుపోయారు. అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టినవాళ్లు ఇంటికి రాలేక, పనికి పోలేక పడిన బాధ తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. అలాంటి ప్రయాణం తప్పనిసరైతే, ఏజెంటు నోటిమాట మీద కదలకండి. 14 రోజులు ఎక్కడుంటారు, తిండి ఎవరిది, దారి మూసుకుపోతే డబ్బు తిరిగి ఇస్తారా, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి.

ఒకే టికెట్ మీద గమ్యం దాకా వెళ్లడం మంచిది. చవక అని రెండు వేర్వేరు టికెట్లు కొంటే, మధ్యలో సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి. దానికి ఆ దేశంలోకి అడుగుపెట్టాలి. మహమ్మారి రోజుల్లో అక్కడే ఆగిపోతారు.

చివరి పది రోజులు

నా మటుకు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇదే. అమెరికా వెళ్తున్నారంటే మన ఇళ్లలో చుట్టాల రాక మొదలవుతుంది. చూసి పోదామని కొందరు, మనవడికి స్వెట్టర్, కోడలికి పచ్చళ్లు, కారప్పొడి ఇచ్చి పంపుదామని ఇంకొందరు. పైగా పెళ్లిళ్ల రోజులు. "మళ్లీ ఎప్పుడొస్తారో" అంటూ భోజనాలకు పిలుస్తారు. జబ్బు అంటుకునేది సరిగ్గా ఆ భోజనాల దగ్గరే. విమానం ఎక్కేముందు టెస్టు పాజిటివ్ వస్తే ప్రయాణం పోతుంది. ఇంకా ఘోరం, టెస్టులో బయటపడని తొలి రోజుల్లో ఎక్కేస్తే, నెలలు నిండిన కోడలి దగ్గరికి జబ్బును మోసుకెళ్తారు.

రెండోసారి బయలుదేరేముందు మేం గట్టిగా చెప్పేశాం. పిన్నులకు, బాబాయిలకు వీడియో కాల్‌లోనే వీడ్కోలు. పచ్చళ్ల డబ్బాలు గుమ్మం బయట కుర్చీ మీద పెట్టి వెళ్లారు. మా పెద్దత్త నొచ్చుకుంది. నాన్నే ఫోన్ చేసి, "అక్కా, పిల్లను చూసుకోవడానికి పోతున్నాం, మంచంలో పడితే ఎట్లా?" అని నచ్చజెప్పాడు.

టెస్టు పాజిటివ్ వస్తే ఏం చేయాలో కూడా ముందే అనుకోండి. టికెట్ తేదీ మార్చుకునే వీలున్నదే కొనండి, పదో పరకో ఎక్కువైనా. తగ్గిపోయాక కూడా ఆర్టీపీసీఆర్ కొన్ని వారాల పాటు పాజిటివ్ చూపిస్తూ ఉండొచ్చు. అందుకే అమెరికా, 90 రోజుల లోపు వచ్చిన పాజిటివ్ రిపోర్టు, ప్రయాణానికి ఫర్వాలేదని డాక్టర్ ఇచ్చిన లెటర్, ఈ రెండూ ఉంటే నెగటివ్ టెస్టుకు బదులుగా ఒప్పుకునేది. కాబట్టి పాత పాజిటివ్ రిపోర్టును పీడకలలా చించి పారేయకండి, ఫైల్లో పెట్టండి.

మందులు, ఇన్సూరెన్స్

మందులన్నీ చేతి బ్యాగులోనే. సూట్‌కేసు వేరే ఊరికి పోతే బీపీ మాత్ర దొరకదు. మాత్రలు డబ్బాల్లోకి ఒలిచి పోయొద్దు, స్ట్రిప్పులతోనే ఉంచి, డాక్టర్ చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు ఇంగ్లిష్‌లో రాయించండి. మెట్‌ఫార్మిన్ అంటే ఏ దేశం డాక్టరుకైనా తెలుస్తుంది. ఇన్సులిన్ సామానుతో వేయొద్దు, గడ్డకడితే పనికిరాకుండా పోతుంది. గల్ఫ్ వెళ్లేవాళ్లు ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు ఆ దేశపు అనుమతి లేకుండా పట్టుకెళ్తే కేసుల్లో ఇరుక్కుంటారు.

ఇన్సూరెన్స్ చవకది చూసి కొనకండి. మహమ్మారి జబ్బుకు వర్తిస్తుందా, ముందే ఉన్న షుగర్, గుండె జబ్బు ఉన్నట్టుండి ముదిరితే ఎంతవరకు ఇస్తారు, డిడక్టిబుల్ (ముందుగా మన జేబులోంచి కట్టాల్సింది) ఎంత, డెబ్భై దాటినవాళ్లకు పరిమితి ఎంత తగ్గుతుంది, ఈ నాలుగూ అడగండి.

ఈమధ్యే జబ్బు పడి లేచినవాళ్లు, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌కు చూపించుకున్నాకే ఎక్కాలి. విమానంలో గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ఆక్సిజన్ కాస్త తగ్గుతుంది.

విమానంలో

విమానం గాలిని హెపా ఫిల్టర్లు శుభ్రం చేస్తూనే ఉంటాయి. అసలు భయం ఎక్కే క్యూలో, బస్సులో, అందరూ ఒకేసారి మాస్కు తీసి తినేటప్పుడు. పక్కవాళ్లు తిని మాస్కు పెట్టుకున్నాక మనం తినొచ్చు. ఎన్95 తలచుట్టూ బిగిసేది తీసుకోండి. గడ్డం ఉంటే అది ముఖానికి అతుక్కోదు, అందుకే నాన్న ఆ రోజు నున్నగా గీయించుకున్నాడు. తల మీద ఉండే గాలి రంధ్రం తెరిచే ఉంచండి. మాస్కు తీయాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానొద్దు, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి.

దిగాక

అమెరికాలో ఎన్నాళ్లుండొచ్చో చెప్పేది వీసా గడువు కాదు, దిగినప్పుడు ఇమిగ్రేషన్ వాళ్లు నమోదు చేసే ఐ-94 మీది తేదీ. పదేళ్ల వీసా ఉందని చాలామంది పెద్దవాళ్లు పొరబడతారు. మన దేశం మామూలు అంతర్జాతీయ విమానాలను 2020 మార్చి 23 నుంచి 2022 మార్చి 27 దాకా ఆపేసింది. మధ్యలో ప్రభుత్వం నడిపిన వందే భారత్ విమానాలు, రెండు దేశాల ఒప్పందంతో తిరిగిన ఎయిర్ బబుల్ విమానాలే దిక్కు. అలా తిరుగు టికెట్ రద్దయితే, ఐ-94 తేదీ దాటకముందే పొడిగింపుకు ఐ-539 దరఖాస్తు పెట్టాలి. దాటాక పెడితే తర్వాతి వీసాకు చిక్కు.

ఇంకొక్కటి. పెద్దవాళ్లకు వీల్‌చెయిర్ టికెట్ కొన్నప్పుడే అడగండి. నడవగలిగినా సరే. మాస్కు వెనక నుంచి వినబడే ఇంగ్లిష్ వాళ్లకు అర్థం కాదు, వెంట ఒక మనిషి ఉంటాడు. డిసెంబర్ 15 రాత్రి నేను నాన్న చొక్కా జేబులో ఒక కాగితం పెట్టాను. తమ్ముడి నంబరు, అడ్రస్, నా నంబరు, ఇద్దరూ వేసుకునే మందులు, వాళ్లకున్న జబ్బులు, ఇన్సూరెన్స్ నంబరు పెద్ద అక్షరాలతో ఇంగ్లిష్‌లో రాసి, వెనకవైపు అదే తెలుగులో. దోహాలో ఫోన్ చార్జింగ్ అయిపోతే, వీల్‌చెయిర్ తోస్తున్న అబ్బాయి ఆ కాగితం చూసే తన ఫోన్ నుంచి తమ్ముడికి కాల్ కలిపాడట.