మంగోలియాలో గుర్రాల ట్రెక్: గుంటూరు, బెజవాడ నుంచి బయల్దేరేవాళ్ళకి

మంగోలియా వెళ్ళొచ్చానని తెలిసినప్పటి నుంచి అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మనకి గుర్రం ఎక్కడమే రాదు కదా, కుదురుతుందా?" కుదురుతుంది. గుంటూరులో పుట్టి పెరిగిన నేను అప్పటిదాకా గుర్రాన్ని దగ్గరగా చూసింది పెళ్ళి ఊరేగింపుల్లోనే. గైడుతో వెళ్ళే ట్రెక్‌లో ఎక్కువ భాగం గుర్రం నడకే, మధ్యమధ్యలో కాస్త ట్రాట్, అంటే కుదుపుతో సాగే చిన్న పరుగు. కానీ ఆ గుర్రం పెళ్ళి ఊరేగింపు గుర్రం లాంటిది కాదు. ఏడాదంతా ఆరుబయట మందతో తిరుగుతుంది, చలికాలంలో మైనస్ 40 డిగ్రీల్లో కూడా మంచు తవ్వుకుని అడుగున ఉన్న గడ్డి తింటుంది, అవసరమైనప్పుడు కాపరి పట్టుకొచ్చి జీను వేస్తాడు. అంటే సగం అడవిదే. మీరు కొనే కోటు దగ్గర్నుంచి ఎంచుకునే గైడు దాకా ఆ మాట మనసులో పెట్టుకునే నిర్ణయించుకోండి.

ముందు ఎక్కడికి వెళ్ళాలో చూద్దాం. దేశం వైశాల్యం మన దేశంలో దాదాపు సగం, జనాభా 35 లక్షల చిల్లర, అందులో సుమారు సగం మంది రాజధాని ఉలాన్‌బాతర్‌లోనే ఉంటారు, ఇక మిగతాదంతా ఎంత ఖాళీగా ఉంటుందో ఊహించుకోండి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు, చేతిలో వారం కూడా లేనివాళ్ళు రాజధానికి దగ్గర్లో ఉన్న తెరెల్జ్ నేషనల్ పార్కులో రెండు మూడు రోజులు తిరిగితే చాలు. ఓర్ఖోన్ లోయ ఇంకాస్త లోపలికి ఉంటుంది, 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది, పక్కనే కార్ఖోరిన్‌లో 16వ శతాబ్దం నాటి ఎర్దెనె జూ బౌద్ధారామం చూడొచ్చు. నా మనసు మాత్రం ఉత్తరాన ఉన్న ఖోవ్స్‌గోల్ సరస్సు మీదే. 136 కిలోమీటర్ల పొడవు, 262 మీటర్ల లోతు, ఒడ్డున నిలబడితే అడుగున రాళ్ళు లెక్కపెట్టొచ్చు. అక్కడికి మురున్ అనే పట్టణం దాకా విమానంలోనో బస్సులోనో వెళ్ళి, అక్కణ్ణుంచి సుమారు 100 కిలోమీటర్లు ఖట్గాల్ అనే ఊరికి వెళ్తే, ట్రెక్‌లు చాలావరకు అక్కడే మొదలవుతాయి. ఇంకా లోపల టైగా అడవుల్లో రెయిన్‌డీర్లు కాసుకుని బతికే త్సాతాన్ కుటుంబాలుంటాయి. అది రష్యా సరిహద్దు ప్రాంతం కాబట్టి విడిగా పర్మిట్ కావాలి. చిత్తడి నేలల్లో, కొండ కనుమల్లో సవారీ కష్టం కూడా, అందుకే మొదటి ట్రిప్పులోనే అటు వెళ్ళమని నేను చెప్పను.

సీజన్ జూన్ నుంచి సెప్టెంబర్ మొదటి వారాల వరకే. జులై 11 నుంచి 13 దాకా నాదం అనే వాళ్ళ జాతీయ క్రీడల పండగ, ఆ వారంలో టికెట్లూ గదులూ దొరకడం కష్టం. జూన్, జులైల్లో సరస్సు దగ్గర దోమలు, జోరీగలు బాగా ఉంటాయి. నన్నడిగితే ఆగస్టు ఉత్తమం, రాత్రి చలి పెరుగుతుంది కానీ పురుగుల బెడద తగ్గుతుంది.

గైడు దగ్గర మాత్రం తొందరపడకండి. ఫొటోలు చూసి, రేటు చూసి డబ్బు కట్టేయకుండా ముందు ప్రశ్నలు అడగండి. గుర్రాలు ఎవరివి? వాటి సొంత కాపరి మనతో వస్తాడా? నేను పెద్ద తేడా చూసింది ఇక్కడే, సొంత కాపరికి తన గుర్రాల్లో ఏది బెదురుతుందో ఏది మొండిదో తెలుసు, అద్దెకు తెచ్చిన గుర్రాల గురించి ఎవరికీ ఏమీ తెలియదు. ఇంగ్లీషు వచ్చిన గైడు, కాపరి, వంటమనిషి విడివిడిగా ఉంటారా, ఒకరే అన్నీ చేస్తారా? సామాను గుర్రాలు ఎన్ని? రోజుకి ఎన్ని గంటల సవారీ? ఐదారు గంటలు, 20 నుంచి 30 కిలోమీటర్లు అంటే మామూలే, అంతకు మించి చెబితే కొత్తవాళ్ళు వద్దనండి. హెల్మెట్ ఇస్తారా? సిగ్నల్ లేని చోట ఎవరికైనా దెబ్బ తగిలితే ఏం చేస్తారు, శాటిలైట్ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది? ఈ చివరి ప్రశ్నకి సూటిగా జవాబు రాకపోతే ఆ గైడుని వదిలేయండి. మీ బరువు కూడా నిజం చెప్పండి. అక్కడి గుర్రాలు పొట్టివి, భుజం దగ్గర 120 నుంచి 140 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి, బరువుని బట్టే కాపరి గుర్రాన్ని ఎంచుతాడు.

శాటిలైట్ ఫోన్ అన్నాను కదా, అది మీరు ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళొద్దు. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోను, శాటిలైట్ మెసెంజరు దగ్గర పెట్టుకోవడం నేరం, ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో దొరికితే కేసే. అది గైడు బాధ్యత.

ఇక ఒంటిని సిద్ధం చేసుకోవడం. మూడు నెలల ముందు మొదలుపెట్టండి. సవారీలో నొప్పి పుట్టేది తొడల లోపలి వైపు, మోకాళ్ళు, నడుము. బెజవాడ వాళ్ళకి కొండపల్లి ఖిల్లా ఉంది, గుంటూరు వాళ్ళకి కోటప్పకొండ మెట్లు, కొండవీడు ఉన్నాయి. వారానికి రెండుసార్లు ఎండెక్కకముందే ఎక్కి దిగండి. దిగడం ముఖ్యం, మోకాళ్ళకి అసలు పని అప్పుడే. ఇంట్లో రోజూ గుంజీళ్ళు తీయండి, మా నాన్నగారు బడిలో తీసినవే, తొడలకి అంతకంటే మంచి వ్యాయామం నాకు దొరకలేదు. వీలైతే హైదరాబాద్‌లోని ఏదైనా రైడింగ్ స్కూల్లో ఐదారు క్లాసులు తీసుకోండి. అక్కడ నేర్చుకున్నదంతా మంగోలియాలో పనికిరాదు కానీ, గుర్రం మీద కూర్చుంటే భయంతో ఒళ్ళు బిగుసుకుపోయే మొదటి రోజు ఇక్కడే అయిపోతుంది. నడుము డిస్క్ సమస్య ఉన్నవాళ్ళు డాక్టరు సరే అంటేనే టికెట్ కొనండి. టెటనస్, రేబిస్ టీకాల గురించి కూడా అప్పుడే అడగండి. గుడారాల దగ్గర కుక్కలు పెద్దవి, ఆసుపత్రి ఎక్కడో ఉంటుంది. మార్మోట్ అనే బొద్దు జంతువు కనిపిస్తే ముట్టుకోవద్దు, దాని మాంసం పెట్టినా తినొద్దు. దానివల్ల ప్లేగు సోకిన కేసులు అక్కడ ఇప్పటికీ వస్తున్నాయి.

బట్టలు కొనేటప్పుడు రంగు కన్నా ముందు చప్పుడు చూసుకోండి. ఇది నేను మా బావ పడ్డాక నేర్చుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం, సరస్సు పడమటి ఒడ్డున వెళ్తుంటే మబ్బు కమ్మింది. పటమట బజారులో కొన్న పాలిథిన్ రెయిన్ కోటు బావ బ్యాగులో ఉంది. గుర్రం దిగకుండానే దాన్ని బయటికి లాగి విదిలించాడు. ఆ పరపరమనే చప్పుడుకి బావ గుర్రం చెవులు రెండూ వెనక్కి తిరిగాయి, మెడ కండ బిగిసింది, నేను "బావా!" అనేలోపే అది పక్కకి ఒక్క గెంతు గెంతింది. బావ కింద నాచులో పడ్డాడు, అదృష్టం కొద్దీ అక్కడ రాళ్ళు లేవు. మడమ ఉన్న బూట్లు కావడం వల్ల పాదం రికాబులో, అంటే జీనుకి వేలాడే కాలు పెట్టే కడియంలో, ఇరుక్కోకుండా బయటికి వచ్చేసింది, లేకపోతే గుర్రం ఈడ్చుకుపోయేది. కాపరి గుర్రాన్ని పట్టుకొచ్చి, ముందు దాని మెడ నిమిరి, ఆ తర్వాత ఆ కోటు మడిచి తన డీల్ అంగీలో దోపుకున్నాడు. బావ భుజం వారం రోజులు నొప్పి పెట్టింది.

అందుకని రెయిన్ కోటు మెత్తటి గుడ్డ లాంటిది, చప్పుడు లేనిది కొనండి, మబ్బు కనిపించగానే దిగి వేసుకోండి. గుర్రం మీద ఉండగా కోటు వేసుకోవడం, విప్పడం, టోపీ ఎగరనివ్వడం, ప్లాస్టిక్ కవర్ తీయడం, సెల్ఫీ స్టిక్ చాపడం, ఏదీ చేయొద్దు. బూట్లకి చిన్న మడమ ఉండాలి, అడుగు మరీ గరుకుగా ఉండకూడదు. రికాబులో పాదం ముందు భాగమే పెట్టండి. ప్యాంటు లోపలి కుట్లు తొడకి ఒరుసుకుంటే రెండో రోజుకే పుండు పడుతుంది, లోపల సైకిల్ షార్ట్స్ వేసుకుంటే ఆ బాధ ఉండదు. వాళ్ళు ఇస్తామన్నా హెల్మెట్ మీదే తీసుకెళ్ళండి. చలి విషయంలో మాత్రం మన అంచనాలు పనికిరావు, మే నెలలో 45 డిగ్రీలు చూసే ఒంటికి ఆగస్టు రాత్రి సున్నా దగ్గరికి పడే చలి కొత్త, పగలు ఎండ, సాయంత్రం వడగళ్ళు ఒకే రోజులో వస్తాయి. ఉన్ని థర్మల్స్ రెండు జతలు, మైనస్ 5 దాకా ఆగే స్లీపింగ్ బ్యాగు తప్పనిసరి. అన్నీ మెత్తటి సంచిలో సర్దండి, సూట్‌కేసు సామాను గుర్రం మీద కట్టడానికి రాదు.

తిండి సంగతి. మాంసం, పిండి, పాలు, అంతే వాళ్ళ భోజనం. శాకాహారులైతే బుక్ చేసేటప్పుడే చెప్పండి, బంగాళాదుంప, క్యాబేజీ, క్యారెట్ సామానులో పెట్టుకుంటారు. మాంసం తినేవాళ్ళూ ఒక మాట అడగాలి, దారిలో పులుసులో వేసే బోర్ట్స్ అనే ఎండు మాంసం చాలాసార్లు గొడ్డు మాంసమే, వద్దనుకుంటే ముందే చెప్పాలి. మేము కందిపొడి, కరివేపాకు కారం, అటుకులు, ఉప్మా రవ్వ సీలు వేయించిన ప్యాకెట్లలో తీసుకెళ్ళాం. ఆవకాయ సీసా వద్దు, నూనె కారితే స్లీపింగ్ బ్యాగు పనికి రాదు. నాలుగో రోజు రాత్రి మా వంటమనిషి కందిపొడి కలిపిన అన్నం ఒక ముద్ద తిని, నీళ్ళు తాగి, మళ్ళీ గిన్నె చాపింది.

గుర్రం దగ్గరికి ఎప్పుడూ ఎడమ వైపు నుంచే, ముందు వైపు నుంచే వెళ్ళండి. ఎక్కడం, దిగడం కూడా ఎడమ నుంచే. పగ్గాలు రెండూ ఒకే చేత్తో పట్టుకుంటారు, కదలమనడానికి "ఛూ!" అంటారు. దిగాక కూడా తాడు వదలొద్దు, వదిలితే గుర్రం మందలోకి పోతుంది, మీరు నడవాలి. ట్రాట్‌లో కూర్చుంటే నడుము విరుగుతుంది, రికాబుల మీద కాస్త లేచి నిలబడండి, వాళ్ళూ అలాగే చేస్తారు. ఏరు దాటేటప్పుడు నీళ్ళ వైపు చూడకండి, కళ్ళు తిరుగుతాయి. అవతలి గట్టు చూస్తూ పగ్గాలు వదులు చేయండి, ఎక్కడ అడుగు వేయాలో దానికి తెలుసు. రాత్రి ముందరి కాళ్ళు రెండూ, వెనక కాలు ఒకటీ కలిపి బంధం వేసి మేతకి వదులుతారు, అయినా ఒక్కోసారి తెల్లారేసరికి గుర్రాలు కనిపించవు. ఒకరోజు కాపరి వెతుక్కుని వచ్చేసరికి పది దాటింది. అలాంటి రోజు టెన్షన్ పడి గైడుని తొందరపెట్టకండి, ప్లాన్‌లో ఒక రోజు అదనంగా ఉంచుకోండి.

మీ గుర్రం పేరేంటని అడిగితే రంగు చెబుతారు. అక్కడ గుర్రాలకి పేర్లు పెట్టడం అరుదు, ఎర్రది, బూడిదది, నల్లది, అంతే. 2015లో మన ప్రధాని మోదీ వెళ్ళినప్పుడు ఆయనకి బహుమతిగా ఇచ్చిన గుర్రానికి మాత్రం కంథక అని పేరు పెట్టారు, సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్ళిన రాత్రి ఎక్కిన గుర్రం పేరది. ఆ మహాభినిష్క్రమణ ఘట్టం మన అమరావతి శిల్పాల్లో ఉంది. బయల్దేరే ముందు ఆ శిల్పం ఫొటో ఒకటి దగ్గర పెట్టుకుని వెళ్ళండి. బౌద్ధులైన కాపరి కుటుంబాలకి చూపిస్తే మాటలు రాకపోయినా మీరెక్కడివాళ్ళో అర్థమవుతుంది.

గెర్ అనే వాళ్ళ గుండ్రటి గుడారం దగ్గరికి వెళ్తున్నప్పుడు దూరం నుంచే "నొఖోయ్ ఖోర్!" అని అరవాలి, కుక్కని పట్టుకోండి అని అర్థం. గడప తొక్కకూడదు, ఇది మనకి చెప్పక్కర్లేదు. లోపలికి వెళ్ళి ఎడమ వైపు తిరగాలి, పొయ్యి వైపు కాళ్ళు చాపకూడదు, అందులో చెత్త వేయకూడదు. ఏదిచ్చినా కుడిచేత్తోనో రెండు చేతులతోనో తీసుకోవాలి. ఉప్పు వేసిన పాల టీ ఇస్తారు, ఎండబెట్టిన పెరుగు ముక్కలు ఇస్తారు, వేసవిలో గుర్రం పాలు పులియబెట్టిన ఐరాగ్ ఇస్తారు. అందులో కొద్దిగా ఆల్కహాల్ ఉంటుంది, వద్దనుకుంటే గిన్నె అందుకుని పెదవికి తాకించి తిరిగిస్తే చాలు, ఎవరూ నొచ్చుకోరు. ఏట్లో సబ్బుతో బట్టలు ఉతకడం, గిన్నెలు కడగడం వాళ్ళకి నచ్చదు. నీళ్ళు తోడుకుని దూరంగా కడుక్కోండి.

ప్రయాణం సంగతి క్లుప్తంగా. గన్నవరం నుంచి ఢిల్లీ, అక్కణ్ణుంచి సియోల్, హాంకాంగ్ లాంటి చోట మారి ఉలాన్‌బాతర్. టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. వీసా ఉండాలి, టికెట్ కొనే ముందే మంగోలియా ప్రభుత్వ ఈ-వీసా సైటు, ఢిల్లీలోని వాళ్ళ ఎంబసీ సమాచారం చూసుకోండి. ఇన్సూరెన్స్ పత్రంలో గుర్రపు సవారీ, హెలికాప్టర్‌లో తరలింపు రెండూ రాసి ఉన్నాయో లేదో చదవండి, మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలాసార్లు ఉండవు. డాలర్లు తీసుకెళ్ళి రాజధానిలోనే తుగ్రిక్‌లుగా మార్చుకోండి, లోపల చాలాచోట్ల కార్డులు నడవవు. కాపరికి, వంటమనిషికి ఇచ్చే టిప్పు విడివిడి కవర్లలో ముందే పెట్టుకుని చివరి రోజు రెండు చేతులతో ఇవ్వండి. మురున్ నుంచి విమానం వాతావరణం బాగోక ఆగిపోవచ్చు, ఢిల్లీ టికెట్ కనీసం రెండు రోజుల తర్వాతకి తీసుకోండి.