దుకాణం వీడియో, ఐదో పాఠం: చీర రంగు చీర రంగులాగే కనిపించాలి

ఈసారి మైకు గురించి పాఠం ఉంటుందని కిందటిసారి రాశాను. దాన్ని వాయిదా వేస్తున్నాను. నాలుగో పాఠం చదివి తమ సరుకును ఫోనుతో వీడియోలు తీసినవాళ్లలో చాలామంది రెండు ఇబ్బందులు చెప్పారు. తెర మీద నల్లటి పట్టీలు పైనుంచి కిందికి పాకుతున్నాయన్నది మొదటిది. వీడియోలో చూసిన రంగూ చేతికందిన చీర రంగూ ఒకటి కాదని కొన్నవాళ్లు తిప్పి పంపుతున్నారన్నది రెండోది. ఒక చెల్లెలికి ఐదు చీరలు వెనక్కి వచ్చాయట. రానుపోను కొరియరు ఖర్చు తనే భరించానని రాసింది. తప్పు నాది. "కొత్త లైట్లు కొనకండి, దుకాణంలో ఉన్న ట్యూబులైట్లు చాలు" అని ఒక్క ముక్కలో చెప్పి దాటేశాను. ఆ మాట మా దుకాణానికి సరిపోతుంది. మీ దుకాణాలకు ఎందుకు సరిపోలేదో ఇవాళ చూద్దాం.

పట్టీల సంగతి తేలిక, ముందు అది ముగిద్దాం. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తుల (50 హెర్ట్జ్) లెక్కన నడుస్తుంది. అందువల్ల చోకు ఉన్న పాత ట్యూబులైటు, నాసిరకం ఎల్‌ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు. ఫోను కెమెరా మాత్రం బొమ్మను పైవరుస నుంచి కిందివరుస దాకా వరుసవరుసగా చదువుతుంది కాబట్టి, వెలుతురు తగ్గిన క్షణంలో చదివిన వరుసలు నల్లగా పడతాయి. షట్టరు, అంటే ఒక్కో వరుస వెలుతురు పట్టే సమయం, 1/50 లేదా 1/100 సెకను దగ్గర ఉంటే ప్రతి వరుసకూ సమానంగా వెలుతురు అంది పట్టీలు పోతాయి. మీ ఫోనులో ప్రో వీడియో (ఈ అంకెలు మనమే మార్చుకునే పద్ధతి) ఉంటే షట్టరును అక్కడ నిలపండి. లేకపోతే కెమెరా సెట్టింగుల్లో 'యాంటీ ఫ్లికర్' అన్నచోట 50 హెర్ట్జ్ ఉందో లేదో చూడండి. అమెరికా నుంచి బంధువులు తెచ్చి ఇచ్చిన ఫోనులో అక్కడ 60 ఉండవచ్చు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇంటి దగ్గర చీరలమ్మేవారికి మాత్రం 60 అంకే సరైనది. అక్కడి కరెంటు అంతే. మీరు షట్టరును 1/60 లేదా 1/120 దగ్గర పెట్టుకోండి.

బల్బు ఎలాంటిదో తెలుసుకోవడానికి దాన్ని స్లో మోషన్‌లో పది సెకన్లు తీసి చూడండి. వెలుగు కొట్టుకుంటున్నట్టు కనిపిస్తే ఆ బల్బు వీడియోకు పనికిరాదు. నేను బల్బు కొనేటప్పుడు కొట్లోనే వెలిగించమని అడిగి, ఫోను తీసి ఈ పరీక్ష చేస్తాను. ఇప్పటివరకు కాదన్నవాళ్లు లేరు.

ఇక రంగు. దీన్ని నెమ్మదిగా చదవండి. ఇది ఫోను లోపమనుకొని, అప్పు చేసి ఖరీదైన ఫోను కొన్నవాళ్లు మీలో ఉన్నారు. ఆ ఫోనులోనూ ఇదే జరుగుతుంది.

ఫోనుకు చీర రంగు తెలియదు. చీర మీద పడి తిరిగి వచ్చిన వెలుతురే దానికి అందుతుంది. అందులో చీర వంతు ఎంత, బల్బు వంతు ఎంత అన్నది అది ఊహించుకుంటుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ అంటే ఈ ఊహే. ఎదురుగా ఉన్న రంగులన్నీ కలిపితే సుమారుగా బూడిదరంగు రావాలన్నది ఆ ఊహకు మూలమైన లెక్కల్లో ఒకటి. వీధినో, పెళ్లిపందిరినో తీసేటప్పుడు ఆ లెక్క నడిచిపోతుంది. మీరు మిరపపండు రంగు చీరను తెరనిండా పరిచారనుకోండి. ఇక్కడ వెలుతురే ఎర్రగా ఉందనుకొని ఫోను ఎరుపును తగ్గిస్తుంది. మిరపపండు కళ తప్పుతుంది. పసుపుపచ్చ చీర పరిస్తే నీలం కలుపుతుంది, చీర పాలిపోతుంది. ఒంటి నుంచి అంచు మీదుగా కొంగు దాకా ఫోను జరుపుతూ పోతే ఊహ దారిలోనే మారుతుంది. ఒకే చీర మొదట్లో ఒక రంగు, చివర్లో ఇంకో రంగు. వెలుతురు మోతాదులోనూ ఇదే వరస. తెల్లచీర మాసినట్టు, నల్లచీర వెలిసినట్టు కనిపిస్తాయి.

మాది మంగళగిరి చీరల వ్యాపారం. సంప్రదాయ మంగళగిరి చీరకు నిజాం అంచు తప్ప ఒంటి మీద నేతపూలు ఉండవు. కొనేవాళ్లు రంగును చూసే కొంటారు. ఆ రంగే తప్పుగా చూపిస్తే ఇక మనం అమ్మిందేమిటి? అందుకే ఈ ఒక్క విషయం దగ్గర నేను పట్టు వదలను.

చేయవలసింది ఇది. చీర ఉంచే చోట, అదే వెలుతురులో, ఒక మామూలు జిరాక్సు కాగితం పెట్టండి. ప్రో వీడియోలో వైట్ బ్యాలెన్స్‌ను ఆటో నుంచి తప్పించి, కాగితం తెల్లగా కనిపించేదాకా కెల్విన్ అంకెను (వెలుతురు పసుపు వైపుందా నీలం వైపుందా చెప్పే కొలత) జరపండి. తెల్ల ట్యూబులైటుకు 6500 దగ్గర, పసుపు బల్బుకు 2700, 3000 మధ్య, మధ్యాహ్నపు పగటి వెలుతురుకు 5500 దగ్గర మొదలుపెడితే వెతుకులాట తగ్గుతుంది. అంకె కుదిరాక కాగితం తీసి చీర వేయండి. ఇక ఆ అంకె ముట్టుకోవద్దు. కాగితానికి బదులు నీలిమందు పెట్టిన తెల్లపంచె వాడినవాళ్లు ఇద్దరు ఉన్నారు. నీలిమందు తెలుపులో నీలం ఉంటుంది. దాన్ని తెల్లగా చూపించాలని ఫోను ఆ నీలాన్ని తీసేస్తే మిగతావన్నీ పసుపుబారతాయి. పంచె వద్దు.

ప్రో వీడియో లేని ఫోనా? అయితే చీరను తెరనిండా పరచకండి. మూడో వంతు చోటు సున్నపు గోడకో, చెక్కబల్లకో, సిమెంటు గచ్చుకో వదలండి. ఫోను ఊహకు ఆసరా దొరుకుతుంది. చీర మీద వేలుపెట్టి కొద్దిసేపు ఉంచితే తెర మీద లాక్ గుర్తు వస్తుంది, ఫోకసూ వెలుతురూ నిలుస్తాయి. వీడియో మొదలుపెట్టాక ఒకసారి మీ చేయి చీర మీద ఉంచండి. మనిషి చర్మం ఎలా ఉండాలో చూసేవాళ్ల కంటికి తెలుసు. నేను ఒక పసుపుకొమ్ము, రెండు కరివేపాకు రెమ్మలు కూడా పక్కన పెడతాను. పసుపుకొమ్ము ఆకుపచ్చగా తిరిగితే ఆ వీడియో తీసేసి మళ్లీ తీస్తాను.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే తప్పు. ఒకే చీర మీద మూడు వెలుతుర్లు. పైన తెల్ల ట్యూబు, జరీ మెరవాలని పక్కన పసుపు ఫోకసు లైటు, గుమ్మంలోంచి పగటి వెలుతురు. నాకు పంపిన వీడియోల్లో సగానికి పైగా ఇలాగే ఉన్నాయి. కాగితం ఏ వెలుతురు దగ్గర పెట్టి సరిచూస్తే ఆ వెలుతురుకే లెక్క కుదురుతుంది. గుమ్మం వైపు కుచ్చిళ్లు నీలంగా, ఫోకసు వైపు కొంగు మెంతిరంగుగా, నడుమ మాత్రమే అసలు రంగు. తర్వాత ఏ యాప్‌లో దిద్దినా ఒక వైపు బాగుపడితే ఇంకో వైపు చెడుతుంది. పసుపు లైటు తీసేస్తే జరీ చచ్చిపోతుందని ఒక పెద్దాయన వాదించారు. అయ్యా, చీరను కిటికీ వైపు కొద్దిగా వంచి చూడండి, జరీ దానంతట అదే వెలుగుతుంది. ఆకుపచ్చ గోడ, ఎర్ర తివాచీ, తలపైన టార్పాలిన్ కూడా తమ రంగును చీర మీద పోస్తాయి. మొదటి ఏడాది నేను దుకాణం ముందు నీలం టార్పాలిన్ కింద గంధం రంగు చీరలు తీశాను. వీడియోలో అవి లేత బూడిదరంగుగా పడ్డాయి. బూడిదరంగు కావాలని కొన్నవాళ్లు మూడు చీరలు తిప్పి పంపారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఒక్కటే వెలుతురు ఉంచండి, మిగతావి ఆర్పేయండి, తలుపు మూసేయండి. నాలుగో పాఠంలో ట్యూబులైట్లు చాలన్నది ఈ ఏర్పాటు మనసులో పెట్టుకొనే. ఆ సగం రాయడం మరిచాను.

నా మటుకు నేను ఉత్తరపు కిటికీ దగ్గరే తీస్తాను. ఎండ నేరుగా పడదు, వెలుతురు మెత్తగా ఉంటుంది. అయితే మంగళగిరి 16 డిగ్రీలు దాటిన అక్షాంశం మీద ఉంది. మే మొదటివారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మా నెత్తి దాటి ఉత్తరానికి పోతాడు. ఆ మూడు నెలలూ కిటికీకి పలుచటి తెల్లగుడ్డ కడతాను.

రెండు రంగుల నేత చీరలకు మాత్రం వీడియోను మించినది లేదు. పడుగు నీలం, పేక ఆకుపచ్చ ఉన్న నెమలికంఠం చీరను ఫొటో తీస్తే రెండిట్లో ఒకటే దక్కుతుంది. వీడియోలో అంచు పట్టుకొని నాలుగు సెకన్లపాటు మెల్లగా వెలుతురుకు అడ్డంగా తిప్పండి. కదలవలసింది గుడ్డ, ఫోను కదలకూడదు.

ఇంత చేసినా వంకాయ రంగు, రాణి రంగు కెమెరాకు లొంగవు. వంకాయ రంగు నీలంలోకి జారుతుంది, రాణి రంగు మండిపోయి మడతలు కనిపించవు. పైగా చూసేవాళ్ల ఫోను తెర మన చేతిలో లేదు. అందుకని నోటితో చెప్పండి. "వంకాయ రంగే, నల్ల గుండ్రటి వంకాయ కాదు, గులాబీ ఛాయ ఉన్న పొడుగు వంకాయ." "ఉల్లిపొర రంగు, ఎండలో చూస్తే కొంచెం కనకాంబరం తగులుతుంది." మన భాషలో రంగులకు ఇన్ని పేర్లున్నాయి, వాడుకోండి. తెరమీద రంగు కొంచెం ముదురుగా పడితే ఆ మాటా అక్కడే చెప్పేయండి. ఇలా చెప్పడం మొదలుపెట్టాక నాకు తిరిగి వచ్చే చీరలు బాగా తగ్గాయి.

తినే సరుకు అమ్మేవాళ్లకు రెండు మాటలు. ఆవకాయను పసుపు బల్బు కింద తీస్తే ముక్క ఆకుపచ్చ పోయి పాతపచ్చడిలా ఉంటుంది, పగటి వెలుతురే మంచిది. పూతరేకులది వేరే కష్టం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, వాటి గొప్పతనమంతా ఆ పలుచదనంలో ఉంది. ఎదురుగా లైటు వేస్తే తెల్లముద్దలా కనిపిస్తాయి. వెలుతురు వెనకనుంచి, కొంచెం పక్కగా రానివ్వండి, పొర వెనక పొర కనిపిస్తుంది.

ఐఫోను వాడేవాళ్లు, వెలుగునీడలను మరింత మెరుపుగా చూపే హెచ్‌డీఆర్ వీడియో ఆపేయండి. మీ ఫోనులో వెలిగిపోయే రంగు కొనేవాళ్ల ఫోనులో వెలవెలబోవచ్చు. ఫిల్టర్లు, అందాన్ని పెంచే సెట్టింగులు అన్నీ తీసేయండి. అవి ముఖాల కోసం చేసినవి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నేత నలిగిపోతుంది. దగ్గరినుంచి నేత చూపాల్సినప్పుడు డాక్యుమెంటుగా పంపండి.

యూట్యూబ్ షార్ట్స్ కింద పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోవడం లేదని పదిమంది అడిగారు. 2023 ఆగస్టు చివరి నుంచి షార్ట్స్ వివరణలోనూ వ్యాఖ్యల్లోనూ లింకులు పనిచేయవు. మీ ఫోను నంబరును తెరమీద రాసి, నోటితోనూ చెప్పండి. షార్ట్స్ నిడివి 2024 అక్టోబరు నుంచి మూడు నిమిషాల దాకా పెరిగింది నిజమే, చీరకు నలభై సెకన్లు చాలు. ధర మొదటి ఐదు సెకన్లలో చెప్పాలన్న మూడో పాఠం మాట మారలేదు.

అభ్యాసం ఈసారి బరువైనదే, తప్పించుకోవద్దు. ఒకదానికొకటి దగ్గరగా ఉండే రంగుల చీరలు ఆరు తీసుకోండి: రాణి, తామర, ఉల్లిపొర, కనకాంబరం, బచ్చలిపండు, నేరేడు లాంటివి. అందులో ఒక్కదాన్ని ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి, రాత్రి ట్యూబులైటు కింద తీయండి. ఆ చీరను ఎప్పుడూ చూడనివాళ్లను పిలిచి, ఆరు చీరలూ పగటి వెలుతురులో చాప మీద పరచి, ఒక్కో వీడియో చూపించి ఇది ఏ చీర అని అడగండి. మీరు పెదవి కదపకూడదు. ఆ వీడియోలనే మీ ఇంట్లో అన్నిటికన్నా పాత ఫోనులో, తెర వెలుగు సగానికి తగ్గించి మళ్లీ చూపించండి. ఆరు చీరలకూ ఇలాగే చేయాలి, మొత్తం ఇరవైనాలుగు వీడియోలు. వారం పడుతుంది. ఏ గంటలో, ఏ వెలుతురులో, ఏ కెల్విన్ అంకె దగ్గర ఎదుటివాళ్లు సరైన చీర మీద చేయి పెట్టారో నోటుపుస్తకంలో రాయండి. మైకు పాఠానికి ఆ పుస్తకం కావాలి. మీకు కుదిరిన గంటలో మీ వీధిలో ఏయే చప్పుళ్లు వినిపిస్తాయో అక్కడినుంచి మొదలుపెడదాం.