తుపాను నెలలకు ముందే ఇంటి మెయిల్ సర్వర్‌లో పంపేవారి చిరునామాలు సరిచేసుకోండి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దాపున గులాబ్. మన తీరానికి గండం సెప్టెంబరు చివర మొదలవుతుంది. పలాస అయినా, టెక్కలి అయినా, విజయనగరం అయినా, ఇంట్లో చిన్న కంప్యూటర్ పెట్టుకుని సొంత డొమైన్‌తో మెయిల్ నడిపేవారు ఈ పనులన్నీ సెప్టెంబరు మూడో వారానికల్లా ముగించాలి. భీమిలి, కళింగపట్నం రేవుల్లో ప్రమాద సూచిక ఎగరేశాక మొదలుపెట్టే పని కాదిది. మన డొమైన్ వివరాలను ఇంటర్నెట్‌కు చెప్పే పట్టిక డీఎన్ఎస్. దానిలో మార్పులు లోకమంతా పాకడానికే గంటలు పడుతుంది.

మన వైపు చాలా ఇళ్లకు ఫైబర్ తీగ కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. స్తంభం ఒరిగితే రెండూ ఒకేసారి పోతాయి. సర్వర్ ఆగిపోవడం పెద్ద నష్టం కాదు, అది మెయిల్‌కు అలవాటే. అసలు చిక్కు కరెంటు తిరిగి వచ్చాక. క్యూలో నిలిచిన ఉత్తరాలన్నీ ఒక్కసారిగా బయల్దేరతాయి. వాటిలో పంపేవారి చిరునామా తప్పుగా ఉన్నవి అవతల తిరస్కరణకు గురవుతాయి. ఆ తిరస్కరణ కబురు వెనక్కి రావలసింది కూడా ఆ తప్పు చిరునామాకే కనుక ఎవరి కంటా పడదు. మామూలు రోజుల్లో ఇది బయటపడదు.

ఇక్కడ వాడేది లినక్స్ మీద పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ అనుకుని రాస్తున్నాం. డొమైన్ పేరు మనఇల్లు.ఇన్ అనుకుందాం. పేర్లు, సెట్టింగులు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నా ఫైళ్లలో ఇంగ్లీషు అక్షరాలే టైపు చేయాలి. చిరునామాలో తెలుగు అక్షరాలు పెట్టడానికి ప్రమాణం ఉంది గానీ, అన్ని సర్వర్లూ దాన్ని ఒప్పుకోవు. తెలుగు సరదా తీరాలంటే చిరునామా పక్కన కనబడే పేరును తెలుగులో పెట్టుకోండి, దానికి ఇబ్బంది లేదు.

చిరునామాలు రెండు

ప్రతి మెయిల్‌కూ పంపేవారి చిరునామా రెండు చోట్ల ఉంటుంది. ఒకటి కవరు మీద. సర్వర్లు మాట్లాడుకునేటప్పుడు మెయిల్ ఫ్రమ్ అని చెప్పుకునేది అదే, అందనప్పుడు ఉత్తరం తిరిగొచ్చేదీ దానికే. రెండోది లోపల, చదివేవారికి కనబడే ఫ్రమ్. పంపినది అసలువారేనా అని అవతలి సర్వర్లు చేసే పరీక్షలు మూడు. ఎస్‌పీఎఫ్ కవరు చిరునామాను చూస్తుంది, ఆ డొమైన్ పేరున పంపే అనుమతి ఏ సర్వర్లకుందో డీఎన్ఎస్‌లోని రికార్డు చెబుతుంది. డీకిమ్ పంపే సర్వర్ ఉత్తరానికి వేసిన డిజిటల్ సంతకాన్ని డీఎన్ఎస్‌లోని కీతో సరిచూస్తుంది. డీమార్క్ అడిగేది ఒకటే: ఈ రెండింటిలో కనీసం ఒకటి పాసై, దాని డొమైన్ లోపలి ఫ్రమ్ డొమైన్‌తో కలుస్తోందా? మనిషి ఫోన్‌లోంచి పంపే మెయిల్‌లో రెండు చిరునామాలూ ఒకటే కాబట్టి సాధారణంగా గొడవ ఉండదు. గొడవంతా యంత్రం తనంతట తాను పంపే మెయిళ్లతో.

క్రాన్ పనులు (వేళకు వాటంతట అవే నడిచేవి), డిస్కు చెడిపోతోందని చెప్పే స్మార్ట్‌డీ, యూపీఎస్ హెచ్చరికలు అన్నీ రూట్ (యంత్రం నిర్వాహక ఖాతా) పేరుతో, యంత్రం సొంత పేరుతో బయల్దేరతాయి. ఉదాహరణకు రూట్@హోమ్‌పీసీ.లోకల్. లోకల్ అనే డొమైన్ బయటి డీఎన్ఎస్‌లో లేదు. పంపేవారి డొమైన్ ఉందో లేదో చూసే ఏ సర్వరైనా దాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. తుపానులో మీకు కావలసినవి సరిగ్గా ఈ మెయిళ్లే: కరెంటు పోయింది, బ్యాటరీ తగ్గింది, డిస్కులో తప్పులు వచ్చాయి.

మొదట మైఆరిజిన్ విలువ చూడండి. డొమైన్ లేని పేర్లకు పోస్ట్‌ఫిక్స్ తగిలించే డొమైన్ అది. డెబియన్, ఉబుంటుల్లో అది ఈటీసీ కింద ఉండే మెయిల్‌నేమ్ ఫైలు నుంచి వస్తుంది. అందులో మనఇల్లు.ఇన్ అని ఉండాలి. సర్వర్.మనఇల్లు.ఇన్ అని పెడితే ఏమవుతుందని అడగవచ్చు. ఎస్‌పీఎఫ్ రికార్డు ఉపడొమైన్‌కు వారసత్వంగా రాదు, దానికి వేరే రికార్డు పెట్టాలి. డీమార్క్ విధానం మాత్రం పై నుంచి కిందికి వర్తిస్తుంది. ఈ తేడా తెలియక ఉపడొమైన్ చిరునామాలు పెట్టుకుని, పై డొమైన్ రికార్డు చూసుకుని అంతా సవ్యంగా ఉందనుకునేవారు చాలామంది. ఇంటి సర్వర్‌కు ఒకే డొమైన్ చాలు.

తర్వాత యంత్రం పేర్లను అసలు చిరునామాలకు మార్చే పట్టిక. రూట్ నుంచి వచ్చేవి హెచ్చరిక@మనఇల్లు.ఇన్‌గా వెళ్లాలి. దీనికి రెండు దారులు. సెండర్ కెనానికల్ మ్యాప్స్ ఉత్తరం క్యూలోకి వచ్చేటప్పుడే చిరునామా మారుస్తుంది. ఎస్ఎమ్‌టీపీ జెనెరిక్ మ్యాప్స్ అయితే ఉత్తరం బయటికి వెళ్లే క్షణంలో మారుస్తుంది. డీకిమ్ సంతకం పడేది ఈ రెంటికీ మధ్య. మీ ఇంటి సర్వరే సంతకం పెడుతుంటే జెనెరిక్ వాడకూడదు. సంతకం పడ్డాక ఫ్రమ్ మారిపోతే ఆ సంతకం చెల్లదు. సంతకం రిలే (మన మెయిల్‌ను తీసుకుని బయటికి చేరవేసే సేవ) వాళ్లే పెడుతుంటే జెనెరిక్ హాయిగా వాడొచ్చు. దానికి ఇంకో లాభం కూడా ఉంది: క్యూలో ఇరుక్కున్న పాత ఉత్తరాలకూ పని చేస్తుంది. కెనానికల్ పట్టిక దిద్దితే పాతవాటిని పోస్ట్‌సూపర్ మైనస్ ఆర్ ఆల్ కొట్టి మళ్లీ క్యూలో వేయాలి.

పట్టిక రాశాక పోస్ట్‌మ్యాప్ నడపడం మరవొద్దు. నడపకపోతే పోస్ట్‌ఫిక్స్ పాత పట్టికనే చూస్తూ ఉంటుంది. పోస్ట్‌మ్యాప్ మైనస్ క్యూతో ఒక చిరునామా అడిగి, ఏం జవాబిస్తోందో చూడండి.

సంతకం విషయంలో ఒక గుంట ఉంది. సంతకం వేసే ప్రోగ్రామ్ ఓపెన్‌డీకిమ్‌ను పోస్ట్‌ఫిక్స్‌లోని ఎస్ఎమ్‌టీపీడీ మిల్టర్స్ వరుసలో మాత్రమే చేరిస్తే ఫోన్లనుంచి వచ్చే మెయిళ్లకే సంతకం పడుతుంది. క్రాన్ లాంటివి సెండ్‌మెయిల్ కమాండుతో లోపలికి వస్తాయి కాబట్టి వాటికి నాన్ ఎస్ఎమ్‌టీపీడీ మిల్టర్స్ వరుస విడిగా రాయాలి. ఆ వరుస లేకపోతే మనుషుల మెయిళ్లు చక్కగా వెళ్తూ హెచ్చరికలు మాత్రం స్పామ్‌లో పడుతుంటాయి, కారణం అంతుపట్టదు.

దారి, రికార్డులు

ఇంటి కనెక్షన్ నుంచి నేరుగా, సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ అందించుకునే 25వ పోర్టు మీద బయటికి పంపాలని పట్టుబట్టకండి. చాలా కనెక్షన్లలో అది మూసి ఉంటుంది. తెరిచి ఉన్నా ఇళ్లకు ఇచ్చే ఐపీలను చాలా సర్వర్లు నమ్మవు, వాటికి రివర్స్ డీఎన్ఎస్ (ఐపీ నుంచి పేరు చెప్పే రికార్డు) కూడా మన చేతిలో ఉండదు. 587వ పోర్టులో లాగిన్‌తో పంపే రిలే సేవ ఒకటి తీసుకుని రిలేహోస్ట్‌లో పెట్టండి.

ఎస్‌పీఎఫ్‌లో ఇంటి ఐపీ రాయడం తుపాను నెలల్లో మరీ తప్పు. కరెంటు పోయి వచ్చాక మోడెమ్ కొత్త ఐపీతో లేస్తుంది, పాత ఐపీ రికార్డులో ఉండిపోతుంది. రిలే వాళ్లు చెప్పిన ఇన్‌క్లూడ్ (వాళ్ల సర్వర్ల జాబితాను చూడమనే మాట) ఒక్కటే ఉంచండి. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒకటే ఉండాలి. రెండు ఉంటే రెండూ పనికిరావు. అందులో డీఎన్ఎస్ వెతుకులాటలు పదికి మించకూడదు. రెండు మూడు సేవల ఇన్‌క్లూడ్‌లు పోగేస్తే పది దాటడం ఎంతసేపూ పట్టదు.

డొమైన్ డీఎన్ఎస్‌ను ఇంటి సర్వర్ మీదే నడిపేవారు ఈ సీజన్‌కైనా బయటికి మార్చండి. ఇల్లు చీకటైతే డీకిమ్ కీ, ఎస్‌పీఎఫ్ రికార్డు ఎవరికీ దొరకవు. అప్పుడు ఫోన్‌లోంచి వేరే దారిన పంపిన మెయిళ్లు కూడా ఆగిపోతాయి. టీటీఎల్ (రికార్డును ఇతరులు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే గడువు) 3600 సెకన్లకు తగ్గించి ఉంచితే అత్యవసరంలో మార్పులు గంటలో అందుతాయి.

డీకిమ్ కీ 2048 బిట్లది పెట్టండి. దాన్ని డీఎన్ఎస్‌లో ఒకే ముక్కగా అతికిస్తే పట్టదు, 255 అక్షరాల లోపు ముక్కలుగా చేయాలి. సీజన్ మధ్యలో కీ మార్చొద్దు. మార్చక తప్పకపోతే పాత సెలెక్టర్ (డీఎన్ఎస్‌లో ఆ కీ ఉన్న చోటు పేరు) రికార్డు చెరపకండి. సంతకం క్యూలో చేరిన రోజే పడింది, ఉత్తరం వారం తర్వాత కదులుతుంది, అప్పటికి పాత కీ డీఎన్ఎస్‌లో ఉండాలి. సంతకానికి గడువు తేదీ పెట్టే అలవాటుంటే ఇదే కారణంతో తీసేయండి.

ఎవరి చిరునామా ఎవరు వాడొచ్చు

ఇంట్లో నలుగురికి నాలుగు చిరునామాలు, హెచ్చరికలకు ఒకటి, బిల్లులకు ఒకటి. ఏ లాగిన్ ఏ చిరునామాతో పంపవచ్చో సెండర్ లాగిన్ మ్యాప్స్‌లో రాసి, రిజెక్ట్ సెండర్ లాగిన్ మిస్‌మ్యాచ్ షరతు పెట్టండి. ఈ షరతు మీ ఫోన్లు లాగిన్ అయి మెయిల్ అందించే 587 సేవకు మాత్రమే, పోస్ట్‌ఫిక్స్ సేవల ఫైలు మాస్టర్.సీఎఫ్‌లో ఉండాలి. 25లో పెడితే బయట ఫార్వర్డు అయి తిరిగొచ్చే మీ సొంత ఉత్తరాలు కూడా ఆగవచ్చు. షరతుల వరుసలో దానికి ముందు పర్మిట్ సాస్ల్ ఆథెంటికేటెడ్ ఉందేమో చూడండి. ఉంటే లాగిన్ అయిన ప్రతివారూ అక్కడే దాటిపోతారు, మీ పట్టికను ఎవరూ అడగరు. ఇంటి నెట్‌వర్క్ మొత్తాన్ని పర్మిట్ మైనెట్‌వర్క్స్ కింద వదిలేయడమూ అలాంటిదే. ప్రింటర్‌కు, సీసీ కెమెరాల డీవీఆర్‌కు కూడా లాగిన్ ఇవ్వండి.

పోస్ట్‌మాస్టర్ చిరునామా తప్పనిసరి. అది చదివే మనిషి పెట్టెకే చేరాలి. తిరిగొచ్చే కబుర్ల కవరు మీద పంపేవారి చిరునామా ఖాళీగా ఉంటుంది, అది నియమం. దాన్ని ఏదో ఒక చిరునామాతో నింపే ప్రయత్నం చేస్తే రెండు సర్వర్లు కబుర్లు తిప్పికొట్టుకుంటూ కూర్చుంటాయి. కొన్ని రిలేలు ఖాళీ చిరునామాను ఒప్పుకోవు. కాబట్టి తిరుగుటపాను ముందుగా ఇంటి సర్వర్‌లోని పెట్టెలోనే పడనివ్వండి. బయటి చిరునామాకు మళ్లించొద్దు.

క్యూ ఎన్ని రోజులు

పోస్ట్‌ఫిక్స్ ఒక ఉత్తరాన్ని 5 రోజులు ప్రయత్నించి వదిలేస్తుంది. తిత్లీ తర్వాత ఉద్దానం ఊళ్లు తెలిసినవారికి 5 రోజులు ఏ మూలకని అనిపిస్తుంది. బ్యాటరీ మీద యంత్రం లేస్తూ పడుతూ ఉన్నా ఆ గడియారం నడుస్తూనే ఉంటుంది. మ్యాక్సిమల్ క్యూ లైఫ్‌టైమ్, బౌన్స్ క్యూ లైఫ్‌టైమ్ రెండూ 10 రోజులు చేయండి. డిలే వార్నింగ్ టైమ్ 4 గంటలు పెడితే పంపినవారికి ఉత్తరం ఇంకా కదల్లేదని తెలుస్తుంది. మామూలుగా అది సున్నా, అంటే నోరు మెదపదు.

రిలేలకు రోజువారీ హద్దు ఉంటుంది, ఉచిత పథకాల్లో అది మరీ తక్కువ. నాలుగు రోజుల క్రాన్ కబుర్లు ఒక్క పెట్టున వెళ్తే హద్దు అక్కడే అయిపోయి, ముఖ్యమైన ఉత్తరం వెనక నిలబడుతుంది. పనికిరాని క్రాన్ పనులకు మెయిల్‌టూ (కబురు ఎవరికి పంపాలో చెప్పే వరుస) ఖాళీ చేయండి. డిఫాల్ట్ డెస్టినేషన్ రేట్ డిలే 5 సెకన్లు పెడితే ఉత్తరాలు ఒకటొకటిగా వెళ్తాయి.

ఇల్లు చీకటైనప్పుడు

మీకు వచ్చే ఉత్తరాలకూ ఇదే లెక్క. అవతలి సర్వర్లు సాధారణంగా నాలుగైదు రోజులు ప్రయత్నించి మానేస్తాయి. బయట ఒక పెట్టె గానీ, నిల్వ చేసి తర్వాత ఇచ్చే ఎమ్ఎక్స్ (మీ డొమైన్‌కు వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో చెప్పే డీఎన్ఎస్ రికార్డు) సేవ గానీ ముందే మాట్లాడుకుని, దానికి డొమైన్ పరీక్ష అన్నీ పూర్తిచేసి ఉంచండి. వాయుగుండం తుపానుగా మారిందని వాతావరణ కేంద్రం చెప్పిన రోజే ఎమ్ఎక్స్ మార్చేయడం మేలు.

ఫోన్‌లోని మెయిల్ యాప్‌లో పంపే సర్వర్‌గా ఇంటిది ఒక్కటే ఉంటే మొబైల్ డేటా ఉన్నా మీరు మూగవారే. రిలే సేవలో ఇంటి సర్వర్‌ది కాకుండా రెండో లాగిన్ తీసుకుని, అదే చిరునామాతో ఫోన్‌లో ఇంకో ఖాతాగా పెట్టండి. ఈ దారిలో ఇంటి డీకిమ్ సంతకం పడదు కనుక, రిలే వాళ్ల సెలెక్టర్ కూడా మీ డీఎన్ఎస్‌లో ఉండాలి. ఆ ఖాతాలో రిప్లై టూ మీ బయటి పెట్టెకు పెడితే జవాబులు అందుతాయి.

అన్నీ అయ్యాక పరీక్ష. ఫోన్‌నుంచి ఒకటి, సెండ్‌మెయిల్ కమాండుతో రూట్ పేరున ఒకటి, ఫోన్ రెండో ఖాతానుంచి ఒకటి జీమెయిల్‌కు పంపి, షో ఒరిజినల్ తెరవండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ మూడింటికీ పాస్ అనాలి, రిటర్న్ పాత్‌లో ఏ డొమైన్ ఉందో కూడా చూడండి. కొన్ని రిలేలు కవరు మీద తమ డొమైన్ వేస్తాయి. అప్పుడు ఎస్‌పీఎఫ్ పాసైనా డీమార్క్‌కు పనికిరాదు, భారమంతా డీకిమ్ మీదే. తర్వాత ఫైబర్ తీగ గంటసేపు పీకి మెయిళ్లు పంపి, క్యూ చూసి, తీగ పెట్టండి. వాటంతట అవి కదలడానికి గంట పైన పట్టవచ్చు, పోస్ట్‌క్యూ మైనస్ ఎఫ్ కొడితే వెంటనే కదులుతాయి.

ఇన్వర్టర్ లెక్క: 150 ఏహెచ్, 12 వోల్టుల బ్యాటరీ కాగితం మీద 1800 వాట్-గంటలు. నష్టాలకు సగం కొట్టేయండి. మోడెమ్, రూటర్, చిన్న సర్వర్ కలిపి 30 వాట్లనుకుంటే 30 గంటలు, అదీ ఫ్యానొక్కటీ తిరగకపోతే. కాబట్టి తీగ తెగిందని తేలగానే సర్వర్‌ను చేత్తో ఆపేయండి. అర్ధాంతరంగా పోయే కరెంటు ఎస్‌డీ కార్డును, దానిలోని క్యూను తినేస్తుంది.

రాస్ప్‌బెర్రీ పై 4లో, దాని ముందు బోర్డుల్లో కరెంటు పోయినా నడిచే గడియారమే లేదు. 5లో గడియారం ఉన్నా బ్యాటరీ విడిగా కొనాలి. లేకపోతే యంత్రం ఆగిన నాటి తేదీతోనే లేస్తుంది, కరెంటు వచ్చిందన్న హెచ్చరిక నాలుగు రోజుల కిందటి తేదీతో వెళ్తుంది. నెట్ నుంచి సమయం సరిచూసుకున్నాకే పోస్ట్‌ఫిక్స్ మొదలయ్యేలా సిస్టమ్‌డీలో (లినక్స్‌లో సేవలను మొదలుపెట్టే ప్రోగ్రామ్) వరుస పెట్టండి. లేచాక ముందు తేదీ చూడండి, తర్వాత క్యూ చూడండి, చెత్త కబుర్లు తీసేసి అప్పుడు వదలండి. ఎమ్ఎక్స్‌ను వెనక్కి ఇంటికి మార్చడం మాత్రం కరెంటు ఒక రోజంతా నిలకడగా ఉన్నాకే.