కానన్ కొనాలా, నికాన్ కొనాలా? డీఎస్ఎల్ఆర్ ఎంచుకోవడం ఎలా

కర్నూలులో ఏ ఫొటో స్టూడియోకి వెళ్లి అడిగినా, వాళ్ల చేతిలో ఏ కెమెరా ఉంటే అదే మంచిదంటారు. వాళ్ల తప్పేం కాదు. ఏళ్ల తరబడి ఆ బటన్లకే వేళ్లు అలవాటుపడ్డాయి, బీరువా నిండా ఆ కంపెనీ లెన్సులే ఉన్నాయి. కొత్తగా కొనేవాళ్లకు మాత్రం ఆ జవాబుతో పని జరగదు.

ఇంకో సంగతి ముందే తెలుసుకోవాలి. కానన్, నికాన్ రెండూ ఇప్పుడు దృష్టంతా మిర్రర్‌లెస్ కెమెరాల మీదే, అంటే డీఎస్ఎల్ఆర్‌లో ఉండే అద్దం లేనివాటి మీదే పెట్టాయి. నికాన్ డీ3500, డీ5600 తయారీ ఆగిపోయింది. కాబట్టి ఈ రోజు డీఎస్ఎల్ఆర్ కొనడమంటే చాలావరకు షాపులో మిగిలిన స్టాకో, సెకండ్ హ్యాండో. నేర్చుకునేవాళ్లకు ఇది కలిసొచ్చే విషయమే, తక్కువ డబ్బుకు మంచి సామాను దొరుకుతుంది. అయితే బాడీతో (లెన్సు లేని కెమెరా) కాకుండా లెన్సుతో మొదలుపెట్టాలి.

1. ఏం తీస్తారో కాగితం మీద రాయండి

"అన్నీ తీస్తాను" అని రాయొద్దు. గండికోటలో పెన్నా లోయ తీయాలంటే కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్సు చాలు, ఏ బాడీ అయినా ఒకటే. బట్టమేక పక్షి కోసం ఏర్పడ్డ రోళ్లపాడు అభయారణ్యంలో కృష్ణజింకలు తీయాలంటే 250 ఎంఎం లెన్సుతో (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది) మొదలుపెట్టొచ్చు గానీ, 300 లేకపోతే జింక ఫొటోలో మేకపిల్లంత కూడా కనబడదు. పండు వెన్నెల్లో జరిగే ఒంటిమిట్ట కల్యాణమో, లేపాక్షి మండపంలో స్తంభాల మీది శిల్పాలో అయితే ఎఫ్ 1.8 లాంటి పెద్ద అపర్చర్ కావాలి. అపర్చర్ అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ అది పెద్దదవుతుంది. కిట్ లెన్సు జూమ్ చేసేకొద్దీ ఎఫ్ 5.6కు వచ్చేస్తుంది, మసక వెలుతురులో అది నీరసపడుతుంది.

రాసినవాటిలో ఎక్కువసార్లు తీసేవి రెండు ఎంచుకోండి. మిగతావి పక్కన పెట్టేయండి.

2. ఆ పనికి కావలసిన లెన్సు రెండు కంపెనీల్లోనూ వెతకండి

అసలు తేడా తేలేది ఇక్కడే.

చవగ్గా దొరికే 50 ఎంఎం ఎఫ్ 1.8 సంగతి చూద్దాం. కానన్ డీఎస్ఎల్ఆర్‌లకు పెట్టే ఈఎఫ్ లెన్సులన్నిటిలో ఫోకస్ తిప్పే మోటారు లెన్సులోనే ఉంటుంది. 1987లో ఈఎఫ్ మౌంటు (లెన్సు బిగించే అమరిక) వచ్చినప్పటి నుంచీ అంతే. అందువల్ల ఏ ఈఎఫ్ 50 ఎంఎం అయినా ఏ కానన్ డీఎస్ఎల్ఆర్‌కైనా పెట్టండి, ఆటోఫోకస్ పనిచేస్తుంది. నికాన్‌లో అలా కాదు. డీ3500, డీ5600 లాంటి చిన్న బాడీల్లో మోటారు లేదు. పాత 50 ఎంఎం 1.8డీ లెన్సులోనూ మోటారు ఉండదు, చవగ్గా వచ్చిందని తెచ్చుకుంటే చేత్తో తిప్పుతూ ఫోకస్ చేసుకోవాలి. లెన్సులోనే మోటారు ఉండే, ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్న 1.8జీ కావాలి. లేదంటే బాడీయే డీ7200, డీ7500 వరుసలోది తీసుకోవాలి.

చూస్తే తెలిసిపోతుంది. నికాన్ బాడీకి లెన్సు తీసేసి ఇనుప రింగు కింది భాగం గమనించండి. చిన్న స్క్రూడ్రైవర్ మొన లాంటిది బయటికి వచ్చి ఉంటే మోటారు ఉన్నట్టు. లేకపోతే లేనట్టే. షాపాయన ఏం చెప్పినా ఈ మొననే నమ్మండి.

అలాగని కానన్‌దే పైచేయి అనుకోవద్దు. ఈ కెమెరాల సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే పలక) చిన్నది కావడంతో 50 ఎంఎం లెన్సు కానన్ మీద 80 ఎంఎంలా, నికాన్ మీద 75లా దగ్గరగా చూపిస్తుంది. మన ఇళ్ల హాల్లో పుట్టినరోజు పండగ తీయాలంటే గోడకు ఆనుకున్నా నలుగురు ఫ్రేములో పట్టరు. అక్కడ చిన్న సెన్సర్ కెమెరాల కోసమే చేసిన నికాన్ డీఎక్స్ 35 ఎంఎం ఎఫ్ 1.8జీ బ్రహ్మాండంగా పనికొస్తుంది. దానికి సాటిగా అంత చవకైన ఎఫ్ 1.8 లెన్సు కానన్ చిన్న సెన్సర్ లెన్సుల వరుస ఈఎఫ్-ఎస్‌లో లేదు. 24 ఎంఎం ఎఫ్ 2.8 ఉంది, పనికొస్తుంది గానీ వెలుతురు తక్కువ. నా మట్టుకు నేను ఇంట్లో పిల్లల్ని తీసేవాళ్లకు నికాన్, ఒక్కొక్కరినీ విడిగా పోర్ట్రెయిట్లు తీసేవాళ్లకు కానన్ అని చెబుతాను.

రేపు మిర్రర్‌లెస్‌కు మారే ఆలోచన ఉంటే ఇదీ లెక్కలో వేసుకోండి. కానన్ ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు ఆ కంపెనీ అడాప్టర్‌తో (మధ్యలో తగిలించే రింగు) దాని మిర్రర్‌లెస్ ఆర్ కెమెరాల మీద ఆటోఫోకస్‌తో సహా నడుస్తాయి. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో మోటారున్న ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లెన్సులకు ఆటోఫోకస్ ఉంటుంది, పాత డీ రకానికి ఉండదు.

3. అప్పుడు బాడీలు పోల్చండి

మెగాపిక్సెళ్లు వదిలేయండి. కానన్ 1500డీలో 24.1, నికాన్ డీ3500లో 24.2. ఆ తేడా ఎవరి కంటికీ ఆనదు.

చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఫ్రేములో కెమెరా ఫోకస్ పట్టగల చోట్లను ఫోకస్ పాయింట్లంటారు. 1500డీలో అవి 9, డీ3500లో 11, డీ5600లో 39. పరుగెత్తే జింకకు ఈ అంకె పనికొస్తుంది, గండికోట లోయకు పనికిరాదు. సెకనుకు 1500డీ 3 ఫొటోలు తీస్తుంది, డీ3500 అయిదు. బ్యాటరీ విషయంలో డీ3500దే రాజ్యం: ఒక్క ఛార్జింగ్‌తో 1550 ఫొటోలని కంపెనీ లెక్క, 1500డీకి 500.

వీడియో తీసేవాళ్లకు కానన్ 200డీ మార్క్ 2 నయం. స్క్రీన్ చూస్తూ తీసేటప్పుడు దాని ఫోకస్ జారకుండా మనిషిని పట్టుకుంటుంది. మైకు పెట్టుకునే రంధ్రం కూడా ఉంది. డీ3500కూ 1500డీకీ ఆ రంధ్రం లేదు.

పెళ్లిళ్లు తీద్దామనుకునేవాళ్లు కెమెరా నెత్తిమీద ఫ్లాష్ పెట్టే గాడి చూడండి. మధ్యలో గుండ్రటి లోహపు చుక్క ఉండాలి. 1500డీ, 200డీ మార్క్ 2లలో ఆ చుక్క తీసేశారు. దాంతో ఆ చుక్క మీదే ఆధారపడే చవక ఫ్లాషులు, ట్రిగ్గర్లు వాటి మీద వెలగవు.

4. మీ చుట్టూ ఎవరి దగ్గర ఏముందో కనుక్కోండి

మీ బావ దగ్గర కానన్ ఉంటే మీరూ కానన్ తీసుకోండి. ఆదివారం ఆయన 55-250 లెన్సు అడిగి తెచ్చుకోవచ్చు. స్పెసిఫికేషన్ల పట్టిక ఏదీ ఇవ్వలేని సౌకర్యం ఇది. పెద్ద రిపేరొస్తే కర్నూలువాళ్లం హైదరాబాదు, అనంతపురంవాళ్లు బెంగళూరు చూడక తప్పకపోవచ్చు. కొనేముందే అధీకృత సర్వీసు ఎక్కడుందో కంపెనీ సైటులో చూసుకోండి.

5. చేత్తో పట్టుకుని చూడండి

చిటికెన వేలు బాడీ కింద గాల్లో వేలాడుతుంటే ఆ కెమెరా మీ చేతికి చిన్నది. ఇంతకు మించి చెప్పాల్సిందేం లేదు.

6. సెకండ్ హ్యాండ్ అయితే పరీక్షించకుండా డబ్బులివ్వొద్దు

అపర్చర్ ఎఫ్ 16లో పెట్టి మబ్బులేని ఆకాశాన్ని ఫొటో తీయండి. మన సీమలో అలాంటి ఆకాశానికి కొదవా! ఫొటో పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీది దుమ్ము నల్లచుక్కల్లా బయటపడుతుంది. ఒకటి రెండు ఉంటే శుభ్రం చేయిస్తే పోతాయి, ధర తగ్గించమనడానికి అవే సాకు. లెన్సులో ఒక వైపు నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి రెండో వైపు నుంచి చూడండి. సాలెగూడులాంటి తీగలు కనిపిస్తే ఫంగస్, తిరిగి ఇచ్చేయండి.

షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టిందో అడగండి. నికాన్ అయితే అప్పుడే తీసిన ఒక ఒరిజినల్ ఫొటో వివరాల్లోనే ఆ అంకె ఉంటుంది. కానన్ ఫొటోల్లో సాధారణంగా ఉండదు, కంప్యూటర్‌కు కలిపి వేరే సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. డీ3500 షట్టర్‌ను లక్ష క్లిక్కులకు పరీక్షించారు. తొంభై వేలు దాటినదాన్ని సగం ధరకిచ్చినా ఆలోచించాల్సిందే. బిల్లు మీది సీరియల్ నంబరూ బాడీ అడుగున ఉన్నదీ ఒకటేనా అని కూడా సరిచూడండి.

మిగిలిన డబ్బులో రబ్బరు బ్లోయర్ ఒకటి కొనండి. గండికోట గట్టు మీద గాలికి దుమ్ము లేస్తుంటుంది, అక్కడ లెన్సు మార్చాల్సి వస్తే కారులో కూర్చుని, బాడీ మూతి కిందికి పెట్టి మార్చండి. నోటితో మాత్రం ఊదొద్దు, తుంపర్లు లోపల పడతాయి.