గ్లైకాలిసిస్‌లో ఏటీపీ లెక్క తప్పకుండా ఉండాలంటే

కణం గ్లూకోజును పైరువేటు అనే 3 కార్బన్ల అణువులుగా విడగొట్టి శక్తి రాబట్టే ప్రక్రియే గ్లైకాలిసిస్. అందులోని 10 మెట్లను బట్టీ పట్టినవాళ్లు కూడా ఏటీపీ (కణం శక్తి కోసం వాడుకునే అణువు) లెక్క దగ్గర బోల్తా పడుతుంటారు. ఎంజైముల పేర్లు కాసేపు పక్కన పెట్టి, ముందు కార్బన్లు లెక్కపెట్టండి. గ్లూకోజులో 6 ఉంటాయి. నాలుగో మెట్టులో అణువు 3 కార్బన్ల ముక్కలు రెండుగా చీలుతుంది. కాగితం మీద సరిగ్గా అక్కడ ఒక అడ్డగీత గీయండి.

గీతకు పైన అంతా ఖర్చే: 1, 3 మెట్లలో ఒక్కో ఏటీపీ. కింద రాబడి: 7, 10 మెట్లలో ఒక్కో ఏటీపీ. అయితే ఇక్కడ ముక్కలు రెండు కాబట్టి ప్రతిదాన్నీ రెట్టింపు చేయాలి. 4 వచ్చాయి, 2 పోయాయి, మిగిలింది 2. ఆరో మెట్టులో ఎన్ఏడీ ప్లస్ అనే సహాయక అణువు ఎలక్ట్రాన్లు అందుకోగా వచ్చే ఎన్ఏడీహెచ్‌లూ అలాగే 2.

చీలిన ముక్కలు మొదట ఒకేలా ఉండవు. ఒకదాన్ని రెండోదానిలా మార్చేది అయిదో మెట్టు. దీన్ని చాలామంది పట్టించుకోరు గాని, రెట్టింపు లెక్క నిలబడేది దీనివల్లనే.

ఇంత తతంగంలో ఆక్సిజన్ ఊసే లేదు, గమనించారా? అది చాలనప్పుడు కండరంలో పైరువేటు లాక్టేటుగా మారేది అదనపు ఏటీపీ కోసం కాదు, ఆరో మెట్టు ఆగిపోకుండా ఎన్ఏడీ ప్లస్‌ను తిరిగి అందించడానికి.